డొమైన్ కంట్రోలర్ మీద పాత డిస్క్ పెడితే...

ప్రశ్న: మేడమ్, నేను బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న కంపెనీలో సిస్టమ్స్ చూస్తాను. మాకు రెండు యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్లు (డీసీలు, అంటే కంపెనీ యూజర్ అకౌంట్లు, పాస్‌వర్డ్‌లు ఉంచుకుని, మార్పులు ఒకదానికొకటి పంపుకునే సర్వర్లు) ఉన్నాయి, రెండూ వర్చువల్ మెషిన్లే (వీఎంలు). అప్‌డేట్ల తర్వాత ఒకటి లేవలేదు. రెండు వారాల కిందట దాచుకున్న డిస్క్ ఫైల్‌ను దాని మీద కాపీ చేస్తే లేచింది. కానీ కొత్తగా చేరినవాళ్లకు అందులో చేసిన అకౌంట్లు రెండో సర్వర్‌లో కనబడటం లేదు. ఈవెంట్ లాగ్‌లో 2095 అనే ఎర్రర్ నంబరు వస్తోంది. రిజిస్ట్రీలో 'డీఎస్‌ఏ నాట్ రైటబుల్' అనే విలువ తీసేస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు. తీసేయమంటారా?

జవాబు: దయచేసి దాన్ని ముట్టుకోకండి. తన డేటా వెనక్కి వెళ్లిందని తేలాక సర్వర్ తనకు తాను వేసుకున్న అడ్డు అది. తీసేసినా రెండు సర్వర్ల మధ్య తేడా అలాగే ఉంటుంది, పైగా రోజురోజుకూ పెరుగుతుంది.

ప్రతి డీసీ తనలో జరిగిన మార్పుకు యూఎస్‌ఎన్ అనే వరుస నంబరు వేస్తుంది. మొదటి దాని నుంచి 50,000 దాకా అందాయని రెండోది గుర్తుపెట్టుకుందనుకోండి. పాత డిస్క్‌తో మొదటిది 45,000 దగ్గర లేచి, కొత్త అకౌంటుకు 45,001 వేసింది. ఆ నంబరు ఎప్పుడో అందిందని రెండోది దాన్ని అడగనే అడగదు.

విండోస్ సర్వర్ 2012 నుంచి వీఎం జనరేషన్ ఐడీ అనే రక్షణ ఉంది. వీఎంలను నడిపే హైపర్‌వైజర్ ద్వారా స్నాప్‌షాట్‌కు (వీఎం పాత స్థితిని దాచిన కాపీకి) వెళితే ఆ ఐడీ మారుతుంది. డీసీ అది గమనించి కొత్త ఇన్వొకేషన్ ఐడీ (మిగతా డీసీలు దాని డేటాబేస్‌ను గుర్తుపట్టే గుర్తు) తీసుకుంటుంది, తన దగ్గరున్న రిడ్ పూల్‌ను (కొత్త అకౌంట్లకు ఇచ్చే నంబర్ల నిల్వను) వదిలేస్తుంది. మీరు వీఎం అలాగే ఉంచి డిస్క్ ఫైల్ ఒక్కటే మార్చారు కాబట్టి దానికి ఏమీ తెలియలేదు.

ఇప్పుడు ముందుగా, బాగున్న డీసీకి సిస్టమ్ స్టేట్ బ్యాకప్ (యాక్టివ్ డైరెక్టరీ డేటాతో సహా విండోస్ కీలక భాగాల బ్యాకప్) తీయండి. రెండూ ఒకే హోస్ట్ మీద ఉంటే ఆ బ్యాకప్‌ను బయటి డిస్క్‌లో పెట్టండి. పాడైన దాంట్లో మాత్రమే ఉన్న అకౌంట్ల పేర్లు రాసుకోండి, అవి మళ్లీ చేయాల్సినవే. తర్వాత దాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పించి, ఫోర్స్‌గా డిమోట్ చేసి (డీసీ హోదా బలవంతంగా తీసేసి), రెండోదాంట్లో మెటాడేటా క్లీనప్ చేయండి, అంటే పాత డీసీ వివరాలు తుడిచేయండి. ఎఫ్‌ఎస్‌ఎంఓ రోల్స్ (ఒక్కో పని ఒక్క డీసీకే ఉండే ప్రత్యేక బాధ్యతలు) పాడైన దాని దగ్గరుంటే రెండోదానికి సీజ్ చేయండి, అంటే బలవంతంగా ఇప్పించండి. పాడైన దాంట్లో విండోస్ కొత్తగా వేసి మళ్లీ ప్రమోట్ చేయండి, అంటే డీసీగా మార్చండి. శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే టెన్షన్ తక్కువ.

ఇక స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకునే అలవాటు మానాలని నా గట్టి అభిప్రాయం. డిలీట్ అయిన యూజర్ కోసం ఒక డీసీని సరైన పద్ధతిలోనే వెనక్కి తిప్పినా, పక్క డీసీ ఆ డిలీట్‌ను మళ్లీ పంపిస్తుంది. దానికి యాక్టివ్ డైరెక్టరీలోనే రీసైకిల్ బిన్ ఉంది, 2008 ఆర్2 నుంచీ ఉంది, ముందే ఆన్ చేసి పెట్టుకోవాలి. బ్యాకప్ అయినా టూంబ్‌స్టోన్ గడువు (డిలీట్ అయినవాటి గుర్తును డీసీలు ఉంచుకునే కాలం) దాటితే పనికిరాదు. ఇప్పటి ఫారెస్టుల్లో (యాక్టివ్ డైరెక్టరీ మొత్తం వ్యవస్థల్లో) అది మామూలుగా 180 రోజులు.

డీఎస్‌ఆర్‌ఎం (డీసీని రీస్టోర్ చేయడానికి వాడే ప్రత్యేక మోడ్) పాస్‌వర్డ్ మీ దగ్గరుందా? డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. రీస్టోర్ చేసే రాత్రి దీనితోనే లోపలికి వెళ్లాలి. వైట్‌ఫీల్డ్‌లో నేను పనిచేసే చోట ఇది సీలు వేసిన కవర్లో బీరువాలో ఉంటుంది. పాస్‌వర్డ్ మారినప్పుడల్లా కవరూ మారుతుంది.

కొత్త డీసీ కుదురుకున్నాక, బయటి నెట్‌వర్క్‌తో ఏ సంబంధం లేని వర్చువల్ స్విచ్ మీద ఆ బ్యాకప్‌ను ఒకసారి రీస్టోర్ చేసి చూడండి. అక్కడ పక్క డీసీ ఉండదు, అందుకని సిస్‌వాల్‌ను (లాగాన్ స్క్రిప్టులు, పాలసీలు ఉండే ఫోల్డర్‌ను) ఆథరిటేటివ్‌గా, అంటే ఇదే అసలు కాపీ అని చెప్పి, రీస్టోర్ చేయాలి. లేదంటే సిస్‌వాల్, నెట్‌లాగన్ షేర్లు రావు, మంచి బ్యాకప్‌నే పాడైందనుకుని పారేస్తారు.