మెడికెయిడ్ కార్డుతో టాబ్లెట్: అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

అమ్మానాన్నలకు అక్కడ అమెరికాలో మెడికెయిడ్, అంటే ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా వచ్చిందని, ఆ కార్డు చూపిస్తే టాబ్లెట్ కంప్యూటర్ ఫ్రీగా ఇస్తారని ఒక యాడ్‌లో చూశానని, నిజమేనా అని అడిగావు. ఇవ్వరమ్మా. మెడికెయిడ్ చూసుకునేది వైద్యం ఖర్చు. వీడియో కాల్స్ కోసం టాబ్లెట్ కొనిపెట్టదు. కాకపోతే ఆదాయం తక్కువని చెప్పడానికి అది గట్టి రుజువు, దానితో వేరే చోట్ల పని జరుగుతుంది.

నువ్వు చూసిన యాడ్ ఏసీపీ అనే ప్రభుత్వ పథకం నాటిది. ఇంటర్నెట్ బిల్లులో నెలకు 30 డాలర్ల దాకా తగ్గేది. టాబ్లెట్‌కో లాప్‌టాప్‌కో ఒక్కసారి 100 డాలర్ల దాకా సాయం వచ్చేది, మనం 10కి పైన 50కి లోపు కట్టుకుంటే చాలు. నిధులు అయిపోయి 2024 జూన్ 1కి అది ముగిసింది. పథకం పోయినా యాడ్లు పోలేదు. అలాంటి వాటిలో సోషల్ సెక్యూరిటీ నంబరు (ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొట్టవద్దని అమ్మకు గట్టిగా చెప్పు.

ఇప్పుడున్నది లైఫ్‌లైన్ అనే ప్రభుత్వ పథకం. ఫోను లేదా ఇంటర్నెట్ బిల్లులో నెలకు 9.25 డాలర్ల దాకా తగ్గుతుంది. పరికరానికి పైసా ఇవ్వదు. కొన్ని కంపెనీలు తమ సొంత ఆఫర్‌గా చవక టాబ్లెట్ అంటగడతాయి. తీసుకునే ముందు మొత్తం ఎంత కట్టాలి, వేరే నెట్‌వర్క్‌లో పనిచేస్తుందా, ఆండ్రాయిడ్ ఏ వెర్షన్ అని అడుగు. పాతదైతే ఆస్పత్రి యాప్ కూడా ఎక్కదు. ఇంటికి ఒక్క లైఫ్‌లైనే. అమ్మ ఫోనుకు ఇప్పటికే ఉంటే ఇంకోటి రాదు.

లైఫ్‌లైన్ దరఖాస్తు, అర్హత చూసే నేషనల్ వెరిఫయర్ అనే సైట్‌లో నువ్వే చెయ్యి, మధ్యవర్తి వద్దు. సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు చాలు, మొత్తం అడిగేవాడిని నమ్మకు. మెడికెయిడ్ కార్డు మీద తేదీ లేకపోతే పేచీ పెడతారు కాబట్టి, గత 12 నెలల్లో వచ్చిన మెడికెయిడ్ ఆమోద పత్రం జత చెయ్యి. అన్నిటికంటే మనవాళ్లకు తగిలే దెబ్బ పేర్లది. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకో దాంట్లో వెనక, మూడో దాంట్లో పొడి అక్షరం. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టు. మెడికెయిడ్ పత్రంలో తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించు. లైఫ్‌లైన్ వచ్చాక ఏటా మళ్లీ అర్హత చూస్తారు, అందుకు వచ్చే ఉత్తరాన్ని చెత్తబుట్టలో వెయ్యనివ్వకు. ఉచిత సర్వీసైతే 30 రోజుల్లో ఒక్కసారైనా వాడాలి, లేదంటే నోటీసు ఇచ్చి తీసేస్తారు.

నన్నడిగితే, అమ్మావాళ్ల అపార్ట్‌మెంట్‌లో వైఫై ఎలాగూ ఉందంటున్నావు కాబట్టి ఈ తతంగమంతా వదిలేసి మంచి రిఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) టాబ్లెట్ కొనెయ్యి. పీసీస్ ఫర్ పీపుల్ లాంటి సంస్థలు మెడికెయిడ్ రుజువు చూసి తక్కువ ధరకు అమ్ముతాయి. టాబ్లెట్లు ఉన్నాయో లేదో ముందు చూసుకో.

నువ్వు అడగని సంగతి ఒకటి ఉంది. స్ట్రోక్ తర్వాత నాన్నకు మాట సరిగ్గా రావడం లేదన్నావు. ఆయనకు మాత్రం టాబ్లెట్ లాంటిది వైద్యం కిందే రావచ్చు. బొమ్మ నొక్కితే మాట పలికే పరికరాన్ని వైద్య పరికరంగా లెక్కగడతారు. స్పీచ్ థెరపిస్ట్ పరీక్షించి రిపోర్టు ఇవ్వాలి, డాక్టరు రాయాలి, మెడికెయిడ్ ప్లాన్ ముందుగా అనుమతించాలి. మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకు ఉండే ప్రభుత్వ వైద్య బీమా) కూడా ఉంటే ముందు దాని వంతు. యూట్యూబ్ వస్తుందని ఆశపడకు, చాలావరకు మాటకే పరిమితం చేసి ఇస్తారు. పరీక్ష రోజు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పు, దానికి డబ్బు తీసుకోరు. నాన్న తడుముకునేది తెలుగులోనే కదా, ఇంగ్లీషులో పరీక్షిస్తే ఏం తేలుతుంది? కాదంటే అప్పీలు చెయ్యి, గడువు తిరస్కరణ ఉత్తరంలోనే ఉంటుంది.

ముందు థెరపిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకో. అమ్మ టాబ్లెట్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

పెదనాన్న