సీసా అడుగున ఊదారంగు మడ్డి

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలోని ఒక రక్తపరీక్షా కేంద్రంలో శిక్షణ పొందుతున్నాను. చాంబర్‌లో (సూక్ష్మదర్శిని కింద కణాలను లెక్కించే గళ్ల గాజుపలకలో) నేను లెక్కించే తెల్ల రక్తకణాల సంఖ్య యంత్రం చూపే సంఖ్యకంటే తరచుగా ఎక్కువ వస్తోంది. లెక్కింపుకు ముందు రక్తంలో కలిపే టర్క్ ద్రావణం సీసా అడుగున ఊదారంగు మడ్డి ఉంది. లోపం ద్రావణంలోనే ఉందా? అసలు అందులో రంగు ఎందుకు కలుపుతారు?

జవాబు: మీరు అనుమానించవలసిన దానినే అనుమానించారు. టర్క్ ద్రావణంలో గ్లేషియల్ (నీరు కలపని గాఢ) ఎసిటిక్ ఆమ్లం, కొద్దిగా జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు, మిగిలినదంతా డిస్టిల్డ్ వాటర్ ఉంటాయి. ఎర్ర కణాలను పగలగొట్టేది ఆమ్లం. రంగు తెల్ల కణాల కేంద్రకాలకు పట్టి అవి కంటికి సులువుగా ఆనేలా చేస్తుంది. రంగు కలపని 2 శాతం ఎసిటిక్ ఆమ్లంతోనూ లెక్కించవచ్చు గాని, కన్ను త్వరగా అలసిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, అడుగున పేరుకున్న రంగు రేణువులు, నిల్వ ద్రావణంలో పెరిగే బూజు కణాలు కూడా చాంబర్‌లో ఊదారంగు చుక్కలుగానే కనిపించి, అలవాటు లేని కంటికి కేంద్రకాలని భ్రమ కలిగిస్తాయి. 20 మైక్రోలీటర్ల రక్తాన్ని 380 మైక్రోలీటర్ల ద్రావణంలో కలిపితే 20 రెట్లు పలుచన అవుతుంది. న్యూబావర్ చాంబర్ నాలుగు మూలల పెద్ద గళ్లలో లెక్కించిన కణాలను 50తో హెచ్చించాలి. 160 కణాలుంటే మైక్రోలీటరుకు 8,000 అన్నమాట. వాటిలో పది రేణువులే అయినా 500 అదనంగా చేరినట్లే. కాబట్టి సీసాను కుదిపి వాడకండి, ద్రావణాన్ని ఫిల్టర్ పేపరులో వడకట్టండి. తరువాత రక్తం కలపని ద్రావణాన్ని చాంబర్‌లో నింపి చూడండి. అందులోనూ చుక్కలు కనిపిస్తే ఆ సీసాను పారబోసి కొత్తది తయారు చేసుకోవడమే మేలు.

ద్రావణం శుభ్రంగా ఉన్నా తేడా వస్తే యంత్రమే ఒప్పని తొందరపడకండి. నవజాత శిశువులలోను, తలసీమియా రోగులలోను కేంద్రకమున్న ఎర్ర కణాలు రక్తంలో కనిపించవచ్చు. ఆమ్లం వాటి కేంద్రకాన్ని కరిగించదు కనుక అవి చాంబర్‌లో తెల్ల కణాలలో కలిసిపోతాయి. కొన్ని యంత్రాలూ ఇదే పొరపాటు చేస్తాయి. లీష్మన్ అనే రంగు వేసిన స్మియర్‌లో (గాజుపలకపై పలుచగా పూసిన రక్తపు పొరలో) 100 తెల్ల కణాలకు అలాంటివి 20 కనిపిస్తే, 12,000గా వచ్చిన లెక్కను 100తో హెచ్చించి 120తో భాగించాలి; రిపోర్టులో రాయవలసినది 10,000.