రాత్రి పదకొండుకు వేసే ఆకలి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. తెనాలిలో టీచర్‌గా చేసేదాన్ని, రోజూ స్కూలుకి నడిచే వెళ్లేదాన్ని. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం. బాబు పుట్టాక మళ్లీ ఉద్యోగంలో చేరలేదు. నాలుగేళ్లలో 15 కిలోలు పెరిగాను. పగలంతా ఏదో ఇంత తింటాను. రాత్రి అందరూ పడుకున్నాక మాత్రం మిక్స్చర్, స్వీట్లు ఏది కనిపిస్తే అది తినేస్తాను. మావారిది నైట్ షిఫ్ట్. ‘ఇంట్లో కూర్చుని తింటే అంతే మరి’ అంటారు అత్తగారు. చుట్టాల పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. బాబు జూన్‌లో స్కూల్లో చేరుతున్నాడు. నాకు నోరు కట్టుకోవడం చేతకాదా?

జవాబు: నోరు కట్టుకోవడం గురించి తర్వాత మాట్లాడదాం. ఉద్యోగం, సొంత జీతం, నడక, స్నేహితులు అన్నీ దాదాపు ఒకేసారి పోయాయి మీకు. రోజు మొత్తంలో మిమ్మల్ని ఎవరూ పిలవని సమయం ఆ రాత్రి పదకొండు గంటలే. అప్పుడు తినేది ఆకలికి మాత్రమే కాదు.

అలాగని శరీరం పాత్ర లేదనను. పగలు అరకొరగా తింటే రాత్రి ఆకలి విరుచుకుపడుతుంది. ఒత్తిడి ఎక్కువకాలం ఉంటే కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి తీపి, నూనె పదార్థాల మీదకు మనసు పోతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. నిద్ర చాలకపోతే ఆకలి ఇంకా పెరుగుతుంది. అందుకే మధ్యాహ్నం పప్పో గుడ్డో పెట్టుకుని కడుపునిండా తినండి. రాత్రి పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకోవద్దు. అలాంటి పంతాలు సాధారణంగా రెట్టింపు తినడంతోనే ముగుస్తాయి.

ఒకసారి థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. నెలసరి సరిగా రాకపోతే అదీ డాక్టర్‌కు చెప్పండి. ఏవైనా మందులు వాడుతుంటే చూపించండి, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందులతోనూ బరువు పెరుగుతుంది. అయితే వాటిని మీ అంతట మీరు ఆపకండి. మన దేశంలో ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. రోజూ తూకం చూసుకుని బాధపడేకన్నా నెలకోసారి టేపు పట్టుకోవడం మేలు.

ఆపుకోలేక, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం వారానికి ఒకసారైనా జరుగుతూ మూడు నెలలుగా సాగుతుంటే, అది బింజ్ ఈటింగ్ అనే జబ్బు కావచ్చు. దానికి చికిత్స ఉంది. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకుండా, ఊరికే ఏడుపు వస్తున్నా ఆలస్యం చేయకండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక అత్తగారి మాట. దెప్పితే తగ్గుతారనుకోవడం చాలా ఇళ్లలో ఉన్న భ్రమ. అవమానపడ్డ మనిషి ఎక్కువగా తింటుంది, నలుగురిలోకి రావడం మానేస్తుంది, మీరు మానేసినట్టే. ఈ సంగతి ఆవిడకు చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. ఆయనతో బరువు గురించి మొదలుపెట్టకండి. ‘రాత్రిళ్లు ఒంటరిగా ఉంటున్నాను, నిద్ర పట్టడం లేదు’ అనండి. ఆయన డ్యూటీకి బయలుదేరేలోగా గంటసేపు బాబును చూసుకుంటే మీరు నడిచి రావచ్చు. ఆ గంట వంటకో బట్టలకో పోనివ్వకండి.

బాబును చేర్చే స్కూల్లోనే టీచర్ ఖాళీలున్నాయేమో కనుక్కోండి. చాలా స్కూళ్లు జూన్‌కు ముందే టీచర్లను తీసుకుంటాయి కాబట్టి ఈ పని ముందు చూడండి.