మరక వేసేముందు అది ఎక్కడినుంచి కారిందో చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

రైలు సిమ్యులేటర్ కోసం నువ్వు కడుతున్న డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను 3డీ బొమ్మ స్క్రీన్‌షాట్లు చూశాను. ఆకారం చాలావరకు కుదిరింది. మురికి మాత్రం ఎవరో బురద చల్లిపోయినట్టుంది. ఆ సిమ్యులేటర్, అదే ఓపెన్ రైల్స్‌లోకి ఎక్కించేలోపు ఇవి సరిచెయ్యి.

ముందు కొలతలు. బఫర్ నుంచి బఫర్‌కి 17.12 మీటర్లు, వెడల్పు 2.864, ఎత్తు 4.185. 3డీ బొమ్మలు కట్టే బ్లెండర్‌లో ఈ కొలతలతో ఒక పెట్టె గీసి, ఇంజను అందులో ఇమిడేలా కట్టు. దగ్గర నిలబడి తీసిన ఫొటోని నమ్ముకోకు. అందులో ముందుకున్న మెట్లు, రెయిలింగులు పెద్దగా, లోపలికున్న హుడ్డు (యంత్రాన్ని కప్పే డబ్బా) చిన్నగా పడతాయి. దూరంనుంచి జూమ్ చేసి తీసింది వెతుక్కో.

మనవాళ్ళు పెట్టెనే బోగీ అంటారు గానీ ఇక్కడ బోగీ అంటే మూడు ఇరుసులు మోసే చట్రం. బొమ్మకు మూలమైన భాగం పేరు మెయిన్, దాని కింద బోగీ1, బోగీ2, మొదటి బోగీ కింద వీల్స్11, 12, 13, రెండోదాని కింద 21, 22, 23. ఈ పేర్లు ఇంగ్లిషు పెద్దక్షరాల్లో పెట్టు. పేరు తప్పితే చక్రం తిరగదు. ప్రతి చక్రం ఆరిజిన్, అంటే అది తిరిగే కేంద్రబిందువు, కచ్చితంగా ఇరుసు మధ్యలో ఉండాలి, లేకపోతే చక్రం కోడిగుడ్డు దొర్లినట్టు ఊగుతుంది. కొత్త చక్రం వ్యాసం 1,092 మిల్లీమీటర్లు, కాబట్టి ఇంజను వివరాలుండే ఈఎన్‌జీ ఫైల్లో వీల్ రేడియస్ (చక్రం వ్యాసార్ధం) 0.546 మీటర్లు. అది వ్యాగన్ భాగంలో ఒకసారి, ఇంజిన్ భాగంలో ఒకసారి వస్తుంది. వేరే ఇంజను ఫైలు కాపీ కొట్టి ఒకచోటే మార్చి వదిలేస్తుంటారు, అప్పుడు చక్రాలు పట్టాల మీద జారుతున్నట్టు కనిపిస్తాయి. ఫైలు యూనికోడ్‌లోనే సేవ్ చెయ్యి.

టెక్స్చర్, అంటే బొమ్మ మీద పరిచే రంగుల చిత్రం, 2048 పిక్సెళ్ళది తీసుకుంటే మీటరుకు 115 పిక్సెళ్ళు పెట్టుకో, పొడవంతా 1,969లో సరిపోతుంది. అంటే ఒక్క పిక్సెల్ దాదాపు 9 మిల్లీమీటర్లు, పెన్సిలు కంటే కాస్త లావు. వెంట్రుకవాసి చారలు గీయాలని చూడకు, దూరం వెళ్ళేసరికి అవి మినుకుమినుకుమంటాయి. రెండు పక్కలూ విడివిడిగా పరుచు. చోటు కలిసొస్తుందని ఒకే పక్కను తిప్పి వాడితే నంబరు తిరగబడుతుంది, రెండువైపులా ఒకే మరక కనిపిస్తుంది. ముక్కల చుట్టూ 8 పిక్సెళ్ళయినా రంగు పొడిగించు, లేకపోతే దూరంనుంచి అతుకుల్లో తెల్లగీతలు తేలతాయి.

ఇక మురికి. ఎండ పైనుంచి, దుమ్ము కిందనుంచి, జిడ్డు లోపలినుంచి వస్తాయి. పైభాగం రంగు కాస్త వెలిసిపోవాలి, 10 శాతం తెలుపు కలిపితే చాలు. బోగీలు నల్లగా ఉండవు. బ్రేకు దిమ్మల పొడి పట్టి గోధుమరంగు తిరుగుతాయి. చక్రం ముఖం కూడా ఆ రంగే, కానీ పట్టాను తాకే అంచు తళతళలాడాలి. రోజూ తిరిగే ఇంజనుకి అక్కడ తుప్పు పట్టదు. పొగగొట్టం మసిని ఒకేవైపు సాగదీయకు, ఈ ఇంజను రెండువైపులా నడుస్తుంది. మసికి అచ్చమైన నలుపు వాడితే నీడలో చిల్లులా కనిపిస్తుంది. ముదురు గోధుమ కలిపిన బూడిదరంగు వెయ్యి.

డీజిల్ ట్యాంకు దగ్గర తీరిగ్గా కూర్చో. ఒలికిన నూనె మూత దగ్గర సన్నగా, ముదురుగా మొదలై, ట్యాంకు వంపు వెంబడి దిగి, అడుగున బొట్లుగా ఆగుతుంది. తడి ఉన్నచోట దుమ్ము అంటుకుంటుంది కాబట్టి చార మధ్యలో మెరుపు, అంచుల్లో మట్టిరంగు. ముదురు చారను మల్టిప్లై లేయరులో (కింది రంగును ముదురు చేసే పొర) వేసి, మెరుపునూ మట్టి అంచునూ మాత్రం పైన మామూలు లేయరులో పెట్టు. మురికి చేరే చోట్లే కాదు, పోయే చోట్లూ ఉంటాయి: మెట్ల మధ్యలో బూట్లకు రంగు అరిగి ఇనుము బయటపడుతుంది, తలుపు పిడి నున్నబడుతుంది, అద్దం మీద వైపర్ తిరిగినంత మేర శుభ్రంగా ఉంటుంది. అద్దాలకు వేరే మెటీరియల్ పెట్టి, ఆ దుమ్మును ఆల్ఫాలో (ఎంత పారదర్శకమో చెప్పే పొర) గీయి.

ఒళ్ళంతా మసి పూసేసి, పక్కన పీఓహెచ్ (నిర్ణీత కాలానికి చేసే పెద్ద మరమ్మతు) తేదీ మాత్రం కిందటి నెలది రాశావు. రెండిట్లో ఒకటి మార్చు. షెడ్డు పేరు కాజీపేట అయినా గుత్తి అయినా ఆ ఇంజను ఫొటోలోంచే ఎత్తు, ఊహించి రాయకు. రేపు కొత్తవలస–కిరండూల్ లైను కరెంటు ఇంజను చేస్తానన్నావు గదా, దానికి పొగగొట్టం లేదు, మసి వేస్తే నవ్వుతారు. అక్కడ పట్టేది ఇనుప ఖనిజపు ఎర్రదుమ్ము.

అయ్యాక మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి సిమ్యులేటర్లో పెట్టి, దగ్గరా దూరమూ చూడు. మధ్యాహ్నం బాగున్న మరక సాయంత్రానికి నల్లముద్దయితే ఆ లేయరు సగానికి తగ్గించు. లేయర్లు కలిపెయ్యకుండా దాచుకో, ఇంకో నంబరు ఇంజనుకి మరకలు జరుపుకోవాలి.

ఇట్లు
మీ బాబాయి