స్లష్ మెషీన్‌లో మార్గరీటా: ఇంట్లో పార్టీ ఇస్తే లైసెన్సు కావాలా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నేనూ మా ఆవిడా హెచ్-1బీ మీద పని చేస్తున్నాం. కొత్త ఇంట్లో గృహప్రవేశం అయిపోయింది. ఇప్పుడు స్నేహితులకు విడిగా ఒక పార్టీ ఇద్దామని, స్లష్ మెషీన్ (పానీయాన్ని మెత్తటి మంచులా తిప్పే యంత్రం) అద్దెకు తెచ్చి టెకీలా మద్యంతో ఫ్రోజెన్ మార్గరీటా చేద్దామని అనుకుంటున్నాం. దీనికి పర్మిషన్ ఏమైనా కావాలా? ఎఫ్-1 మీద చదువుతున్న మా మేనల్లుడు (20 ఏళ్లు), వాడి స్నేహితులు కూడా వస్తారు. తర్వాత మా క్రికెట్ టీమ్ ఫండ్ కోసం పార్కులో ఇదే మెషీన్ పెట్టి గ్లాసు 5 డాలర్లకు ఇవ్వాలని ఉంది. ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఇంట్లో పార్టీకి లైసెన్సు అక్కర్లేదు. మీరు కొన్న టెకీలాను మీ ఇంట్లో కలిపి, పైసా తీసుకోకుండా 21 ఏళ్లు నిండినవాళ్లకు ఇస్తే రాష్ట్ర మద్యం నియంత్రణ సంస్థ అయిన టెక్సాస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కమిషన్ (టీఏబీసీ) అడ్డు చెప్పదు. ఫ్రోజెన్ మార్గరీటా మెషీన్ పుట్టిందే మీ పక్కన డాలస్‌లో. 1971లో అక్కడి రెస్టారెంట్ యజమాని మరియానో మార్టినెజ్ సాఫ్ట్ ఐస్‌క్రీమ్ మెషీన్‌ను మార్చి దాన్ని తయారు చేశాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అద్దెకిచ్చేవాళ్లు మెషీన్‌నూ, ఆల్కహాల్ లేని మిక్స్‌నూ ఇవ్వవచ్చు. టెకీలా మాత్రం మీరే లిక్కర్ స్టోర్‌లో కొనుక్కోవాలి. ఆదివారం పార్టీ అయితే శనివారం రాత్రి 9లోపే తెచ్చిపెట్టుకోండి, ఆదివారం ఆ షాపులు తెరవరు.

నాకు టెన్షన్ అంతా మీ మేనల్లుడి గురించే. టెక్సాస్‌లో 21 నిండనివాళ్లు మద్యం విషయంలో మైనర్లే. తల్లిగానీ తండ్రిగానీ కళ్లెదుట ఉండి తమ పిల్లలకు ఇస్తే నేరం కాదని చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. అది తల్లిదండ్రులకు, చట్టబద్ధమైన గార్డియన్‌కు, జీవిత భాగస్వామికి మాత్రమే. మన ఇళ్లలో మేనమామ తండ్రితో సమానం కావచ్చు, కానీ ఈ చట్టం ముందు మీరు పరాయివారే. వాళ్లమ్మ గుంటూరు నుంచి ఫోన్‌లో ‘పర్లేదులే, ఒక గ్లాసు ఇవ్వరా’ అన్నా చెల్లదు. ఆమె పార్టీలోనే, ఎదురుగా ఉండాలి. వాడి స్నేహితుల సంగతీ అంతే.

టెక్సాస్ మద్యం చట్టం (ఆల్కహాలిక్ బెవరేజ్ కోడ్) సెక్షన్ 106.06ను జాగ్రత్తగా చదవాలి. మైనర్ చేతికి గ్లాసు ఇవ్వడం ఒక్కటే నేరం కాదు. తీవ్రమైన నిర్లక్ష్యంతో మద్యాన్ని మైనర్‌కు అందుబాటులో ఉంచడమూ నేరమే. ఇది క్లాస్ ఏ మిస్‌డిమీనర్ (ఫెలనీ కన్నా చిన్న తరగతి నేరం): ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా, శిక్ష పడితే డ్రైవింగ్ లైసెన్సు 180 రోజుల సస్పెన్షన్. ఇప్పుడు మీ పార్టీని ఊహించుకోండి. కిచెన్ కౌంటర్ మీద ఎర్రటి స్ట్రాబెర్రీ మార్గరీటా గిర్రున తిరుగుతూ ఉంటుంది. కుళాయి లాగితే చాలు, గ్లాసు నిండుతుంది. బీరు సీసాను చూసి పిల్లలు అది పెద్దవాళ్లదని గుర్తుపడతారు, దీన్ని చూస్తే గుర్తుపట్టరు. ఎనిమిదేళ్ల పిల్ల అది మాల్‌లో తాగే స్లషీనే అనుకుంటుంది. పైగా 18 ఏళ్లలోపు పరాయి పిల్లలకు మీరు తెలిసి మద్యం ఇచ్చినా, మీ ఇంట్లో ఇస్తుంటే తెలిసీ ఊరుకున్నా, ఆ మత్తు కారణంగా జరిగిన నష్టానికి సివిల్ కోర్టులో మీపై దావా వేయవచ్చు. కాబట్టి మెషీన్ దగ్గర ఎప్పుడూ ఒక పెద్ద మనిషి నిలబడాలి. మీకు అది కుదరకపోతే మెషీన్ తేవద్దనే చెబుతాను. పిల్లల కోసం రెండో మెషీన్ పెడితే వేరే గదిలో, వేరే రంగుతో పెట్టండి.

పెద్దవాళ్ల విషయంలో లెక్క ముఖ్యం. ఒక వంతు టెకీలాకు మూడు వంతుల మిక్స్ కలిపితే దాదాపు 10 శాతం ఆల్కహాల్ వస్తుంది. అమెరికా లెక్కలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. 12 ఔన్సుల గ్లాసు నిండా పోస్తే రెండు డ్రింకులు తాగినట్టే. చల్లదనం, తీపి కలిసి ఘాటు తెలియనివ్వవు. మూడు గ్లాసులు తాగినవాళ్లు ‘నేను తాగింది జ్యూసే కదా’ అంటూ తాళాలు తీసుకుంటారు.

రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే డీడబ్ల్యూఐ, అంటే తాగి బండి నడిపిన నేరం. అంత లేకపోయినా, మత్తువల్ల మామూలు స్థితిలో లేరని ప్రాసిక్యూషన్ రుజువు చేస్తే సరిపోతుంది. కారులో 15 ఏళ్లలోపు పిల్లలు ఉంటే అది మొదటిసారి అయినా ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. వెనక సీట్లో పిల్లల్ని ఎక్కించుకుని ఇంటికి బయల్దేరే మనవాళ్లు ఈ మాట మర్చిపోకూడదు. ఇక వీసా మీద ఉన్నవాళ్లకు శిక్ష పడేదాకా కూడా అక్కర్లేదు. డీడబ్ల్యూఐ అరెస్టు జరిగితే చాలు, వీసా స్టాంపును కాన్సులేట్ రద్దు చేయవచ్చు. ఇక్కడ ఉండే స్టేటస్ వెంటనే పోదు, కానీ ఇండియా వెళ్తే కొత్తగా స్టాంపింగ్, డాక్టర్ పరీక్ష తప్పవు. ఎవరైనా అరెస్టయితే, తొందరపడి నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి.

మిగిలిన మార్గరీటాను ఫోమ్ కప్పులో పోసి దారికి ఇవ్వకండి. కారులో మనుషులు కూర్చునే చోట మూత తీసిన మద్యం కనిపిస్తే, తాగకపోయినా, 500 డాలర్ల వరకు జరిమానా.

క్రికెట్ టీమ్ ఆలోచన ఇప్పుడున్న రూపంలో వద్దు. గ్లాసుకు 5 డాలర్లు తీసుకున్న క్షణం అది అమ్మకం, దానికి పర్మిట్ కావాలి. డ్రింకు ఫ్రీ అని చెప్పి ఎంట్రీ టికెట్ పెట్టినా, ‘డొనేషన్’ డబ్బా పెట్టి వేయనివాళ్లకు గ్లాసు ఇవ్వకపోయినా అంతే. మీ టీమ్ లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టర్ అయి ఉంటే టీఏబీసీ దగ్గర తాత్కాలిక ఈవెంట్ పర్మిట్ అడగవచ్చు. ముందు పార్కులో మద్యం అనుమతిస్తారో లేదో సిటీ పార్క్స్ ఆఫీసులో కనుక్కోండి, చాలా సిటీల పార్కుల్లో నిషేధం ఉంది. పర్మిట్ దొరక్కపోతే ఆ రోజు మెషీన్‌లో మామిడి స్లష్ పోసి అమ్మండి. దానికి టీఏబీసీతో పని లేదు. సిటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ తాత్కాలిక ఫుడ్ పర్మిట్ అడగవచ్చు, అది మాత్రం ముందే తీసుకోండి.