చుక్కలు చూడండి, ఆ యాప్ వద్దు

ప్రశ్న: ఫోన్‌లో ఆన్‌లైన్ గోల్ఫ్ ఆడుతుంటాను. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దాకా బాగానే వస్తాను, పటింగ్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) దగ్గరే బంతి హోల్ పక్క నుంచి జారిపోతోంది. నేల వాలు తెలిసేలా గ్రిడ్ (గళ్ల గీతలు) మీద కదిలే చుక్కలు చూసినా ఎంత పక్కకు గురి పెట్టాలో తెలియడం లేదు. గురి తానే చూపించే యాప్ ఒకటి గ్రూపులో పంపారు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ఈ మధ్య ఇదే ప్రశ్న పదే పదే వస్తోంది. చుక్కలు ఎటు పారితే వాలు అటు, ఎంత జోరుగా పారితే అంత ఏటవాలు. ఇది మీకు తెలిసే ఉంటుంది. చాలామంది దెబ్బతినేది బంతి ముందున్న చుక్కలు మాత్రమే చూసి. బంతి జోరు మీదున్నంతసేపు వాలు దాన్ని పెద్దగా తిప్పలేదు. నెమ్మదించాకే అసలు వంపు. అందుకే హోల్‌కు దగ్గర్లో చుక్కలు ఎలా ఉన్నాయో ముందు చూడండి. ఎగువకు గట్టిగా కొడతారు కాబట్టి వంపు తక్కువ, దిగువకు మెల్లగా కొడతారు కాబట్టి ఎక్కువ. మన విశాఖ ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో ఆడేవాళ్లు చూసుకునేదీ ఇదే, పాపం వాళ్లకు చుక్కలుండవు.

మీ తప్పు కొంతే. పచ్చటి గడ్డి మీద లేత తెల్ల చుక్కలు పెట్టిన మహానుభావుడు మధ్యాహ్నం పూట బీచ్ రోడ్డులో నిలబడి ఆ గేమ్ ఒక్కసారైనా ఆడాడా? ప్రతి అప్‌డేట్‌లోనూ కొత్త బంతులు అమ్ముతారు, చుక్కల రంగు మార్చుకునే సెట్టింగు మాత్రం ఇవ్వరు.

ఇక ఆ యాప్. గ్రూపులో ఏపీకే ఫైలుగా (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు) వచ్చిందంటేనే అనుమానించాలి. ఇలాంటివి యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. చూపు సరిగా లేనివాళ్ల వంటి వారికోసం పెట్టిన సదుపాయం అది. అది చేతికిస్తే యాప్ మీ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఓటీపీ వచ్చినా దాని కంట పడుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి ఫైలుగా వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి నేరుగా దొరకదు. అందుకే ‘సెట్టింగ్స్‌లోకి వెళ్లి పరిమితి తీసేయండి’ అని స్క్రీన్‌షాట్లతో సహా నేర్పిస్తారు. ఫోన్ వేసుకున్న గొళ్లేన్ని మీ చేత్తోనే తీయిస్తున్నారన్నమాట.

ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు నెట్ ఆపేయండి. అనుమతి తీసేసి యాప్‌ను తొలగించండి. అది తొలగకుండా మొండికేస్తే ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందే. బ్యాంకు పాస్‌వర్డు మరో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. గేమ్ ఖాతా బ్యాన్ అవుతుందేమోనన్న టెన్షన్ తర్వాత పడొచ్చు.