బ్లాక్ హోల్స్ జంట చుట్టూ గ్యాస్ ఉంటే అవి త్వరగా కలిసిపోతాయి కదా?

అడిగినవారు "కదా" అని ముందే తేల్చేశారు. నేనూ ఒకప్పుడు అలాగే తేల్చేసుకుని మూడు వారాలు నిద్ర పాడుచేసుకున్నాను.

గ్యాస్ అంటే బ్రేకు అనుకోవడం మనకి అలవాటు. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడింది అందుకే. సూర్యుడి జోరుకి పైగాలి ఉబ్బి, ఆ రాపిడికి అది కిందకి జారింది. ఎలాగూ పోతాం కదా అని ఊళ్లో కోళ్లన్నీ కోసుకు తిన్నారని మా తాతయ్య చెప్పేవారు.

2016లో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇదే. సమాన బరువున్న రెండు బ్లాక్ హోల్స్, చుట్టూ పళ్లెంలా గ్యాస్, అన్నీ కంప్యూటర్‌లో లెక్కగట్టడమే. గ్రాఫులో గీత సున్నా కిందకి దిగుతుందని, అంటే జంట దగ్గరవుతుందని, సార్ ముందే బోర్డు మీద గీసి చూపించారు. నా గ్రాఫులో మాత్రం అది సున్నా పైకెక్కి కూర్చుంది. రెండూ దూరం జరుగుతున్నాయి! సార్ చూసి, "ఎక్కడో మైనస్ మింగేశావ్ రా అబ్బాయ్" అన్నారు.

వెతికాను. రిజల్యూషన్, అంటే లెక్క ఎంత సన్నటి గళ్లలో చేస్తామో అది, రెట్టింపు చేశాను, గ్యాస్ జిగట పెంచాను, తగ్గించాను. ల్యాబ్‌లో ఏసీ పనిచేయదు. మధ్యాహ్నం కరెంటు పోతే యూపీఎస్ పావుగంట కూడా ఆగదు, రన్ మళ్లీ మొదటికి. గీత మాత్రం దిగలేదు. చివరికి ఆ పేజీ రిపోర్టులోంచి తీసేసి పాసైపోయాను.

2019లో శాస్త్రవేత్తలు మునోజ్, మిరాండా, లాయ్‌ల పేపర్ వచ్చింది. అలాంటి జంటకి గ్యాస్ వల్ల దూరం పెరుగుతుందట! చదివిన రోజు అన్నం సయించలేదు.

జరిగేది ఇది. జంట తిరుగుడికి గ్యాస్ చెదిరి మధ్యలో పెద్ద గుంట పడుతుంది. దాని అంచు నుంచి గ్యాస్ సన్నటి పాయలుగా లోపలికి జారి, ఒక్కో బ్లాక్ హోల్ చుట్టూ బుల్లి పళ్లెం కడుతుంది. బయటి పళ్లెం జంటని వెనక్కే లాగుతుంది, అందులో సార్ కరెక్టే. లోపలి గ్యాస్ ముందుకి లాగుతుంది, పైగా దానిదే పైచేయి. ఒప్పులకుప్ప తిరిగే పిల్లల్ని తిరిగే దిక్కుకే ఇంకాస్త తోసినట్టు, జంట ఎడంగా జరుగుతుంది. పాత కోడ్‌లు చాలావరకు లెక్క తేలికవుతుందని ఆ లోపలి భాగాన్నే కత్తిరించి పారేసేవి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఎర్ర బాణాల థంబ్‌నెయిల్ పెట్టి "బ్లాక్ హోల్స్ ఇక కలవవు" అంటున్నవాళ్లకి ఒక మాట. అందరం వాడింది లావు పళ్లెం, మందం వ్యాసార్ధంలో పదో వంతు. 2020లో టీడే బృందం పళ్లెం పలచన చేసి చూస్తే ఫలితం తిరగబడింది, జంట దగ్గరైంది. క్వేజార్లలో, అంటే నడిమి బ్లాక్ హోల్ గ్యాస్ మింగుతూ ధగధగలాడే గెలాక్సీల్లో, పళ్లేలు అంతకన్నా పలచన. కాబట్టి అసలు గెలాక్సీల్లో అవి కలిసే తీరతాయని నా పందెం. బరువులు సమానంగా లేకపోయినా, కక్ష్య కోలగా ఉన్నా లెక్క మారుతుందని ఎవరో కామెంట్ పెడతారు. తెలుసు, మారుతుంది. పందెం మాత్రం మార్చను.

2019లోనే ఆ పేపర్ లింకు సార్‌కి పంపాను. రెండు రోజులకి రిప్లై వచ్చింది: "వాళ్ల రిజల్యూషన్ ఎంత?"